బిజిలీ కూర్చున్న చోటల్లా

జూన్ 8, ఆదివారం

పైడిబాబు పొద్దున్న ఫెర్రీలో కుక్కతో దిగి, మధ్యాహ్నం ఫెర్రీకి కుక్క లేకుండా వెళ్ళిపోయాడు. సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో రెండు నెలల ట్రైనింగట. మా ఆవిడ శ్రీలక్ష్మి తమ్ముడు అడిగితే నేను కాదనగలనా? అందులోనూ శ్రీలక్ష్మి బదిలీ అయిన మాయాబందర్ నుంచి ఫోన్లో నాతో ముక్తసరిగా మాట్లాడుతున్న ఈ రోజుల్లో.

కుక్క పేరు బిజిలీ. స్పానియల్ జాతి, తొమ్మిదేళ్ళ వయసు. పోలీసు కుక్కల దళంలో పైడిబాబు చేతికింద పనిచేసి మార్చిలో రిటైరయింది. ఇంకెవరికీ ఇవ్వనివ్వకుండా వాడే ఇంటికి తెచ్చుకున్నాడు. పోలీసు కుక్కంటే ఏదో ఏనుగంత ఉంటుందనుకున్నాను. ఇది నా మోకాలి దాకా కూడా లేదు. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు, కాళ్ళ వెనక కుచ్చులు. చెవులు ఎంత పొడవంటే నీళ్ళ గిన్నెలో మూతికంటే ముందు చెవులే మునుగుతాయి. తోక సగమే ఉంది. అది ఊగడం మొదలెడితే నడుము కూడా దాంతోపాటే ఊగుతుంది.

"ఇదేం పోలీసు కుక్కరా? దీన్ని చూస్తే దొంగ కూడా ముద్దుచేస్తాడు" అన్నాను.

"అదే కదా బావా దీని గొప్ప! పెద్ద కుక్కను చూస్తే జనం బెదిరిపోతారు. దీన్ని చూస్తే వంగి బుగ్గలు నిమురుతారు. వాళ్ళు నిమురుతా ఉంటే ఇది బ్యాగు వాసన చూసీసి ఎదురుగా కూర్చుండిపోద్ది. మొరగదు, గోకదు. కూర్చుంటాది, అంతే. ఖేల్ ఖతమ్."

"దేనికి కూర్చుంటుంది?"

"గంజాయికి. అయినా ఇప్పుడు రిటైరయిపోయింది కదా. ఏటీ లేదు. ఆరామ్‌గా పడుంటాది" అంటూ వంగి షూ లేసు కట్టుకున్నాడు. కట్టి ఉన్న లేసునే విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

ఫ్రిజ్ మీద ఓ కాగితం అతికించి పోయాడు. చెవులు రోజూ తుడవాలి. కాళ్ళ కుచ్చులు దువ్వాలి. తిండి రెండు పూటలా కొలిచే పెట్టాలి, అడిగిందని పెట్టకూడదు, ఎందుకంటే అది ఎప్పుడూ అడుగుతుంది. దేన్నయినా వెతికి పట్టుకుంటే పచ్చ బంతి విసరాలి, అదే దాని జీతం. అన్నిటికంటే కింద పెద్ద అక్షరాల్లో: పని ఇవ్వకపోతే తనే పని వెతుక్కుంటుంది.

ఈరోజు ఖైనీ పొగాకు వేయలేదు. టీ తర్వాత వేసింది సగం చిటికెడే. సగం చిటికెడును ఎవరూ వేయడం అనరు.

జూన్ 10, మంగళవారం

ఎవరికీ చూపించని నోట్‌బుక్కు కాబట్టి రాసుకుంటున్నాను.

శివరాత్రినాడు ఆవలిస్తే శ్రీలక్ష్మి చూసింది. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ, శనగబద్దంత. ఫోన్ లైటు వేసి నా నోట్లో తల దూర్చినంత పని చేసింది. హాస్పిటల్‌కి వెళ్ళమంది. పొగాకు ఇక ముట్టనని ఒట్టేయించుకుంది. హాస్పిటల్‌కి వెళ్ళాను. అంటే గేటు దాకా వెళ్ళాను. గేటు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. ఇంటికొచ్చి, "ఏమీ లేదన్నారు" అని చెప్పాను. హాస్పిటల్లో నిజంగానే ఎవరూ నాతో ఏమీ అనలేదు.

ఏప్రిల్లో నా రెయిన్‌కోటు జేబులో ప్యాకెట్టు దొరికింది ఆమెకి. అరవలేదు. "నువ్వు తిన్నందుకు కాదు మణీ నా బాధ. నా కళ్ళలోకి చూస్తూ అబద్ధం ఆడావు చూడు, అందుకు" అంది. ఆమె స్కూలు టీచరు. ఆ వారమే బదిలీలు వచ్చాయి. రోజంతా బస్సులో పోవలసిన మాయాబందర్ పడినవాళ్ళందరూ రద్దు చేయించుకోడానికి తిరిగారు. ఈమె మాత్రం పెట్టె సర్దుకుంది. మాకు పిల్లలు లేరు. ఇద్దరున్న ఇంట్లో ఒకరు వెళ్ళిపోతే మిగిలేది ఒక మనిషీ, ఒక ఫ్రిజ్జూ.

ఇప్పుడు బాగా తగ్గించాను. ఫెర్రీ ఇంజిన్ రూములో పనిచేసేవాడికి ఆ చప్పుడులో, ఆ వేడిలో ఏదో ఒకటి ఉండాలి కదా. అది డ్యూటీలో భాగం. ఇంట్లో వేసేదే లెక్క.

జూన్ 12, గురువారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో నా చెప్పులు నాలుగు, గవరమ్మ పిన్ని జాకెట్టు ఒకటి, ఎవరిదో కొబ్బరిచిప్ప, నా పాత బనియను వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కదాని మీదా పంటి గాటు లేదు. బిజిలీ వాటి వెనక నిలబడి నడుము ఊపుతోంది.

గవరమ్మ పిన్నిది పక్కిల్లే. ఎండుచేపలు అమ్ముతుంది. కంచె మీంచి జాకెట్టు అందుకుంటూ, "దొంగల్ని అట్టుకునీ కుక్కని దొంగని సేసీసినావేటి బాబూ?" అంది.

పైడిబాబుకు ఫోన్ చేశాను. "పని లేక అలా చేస్తాది బావా. అది వేటలో పక్షులు తెచ్చిచ్చే జాతి. మెత్తటి నోరు. గుడ్డు పట్టుకున్నా పగలదు. రోజూ ఏదో ఒకటి దాచిపెట్టు, వెతకనీ."

దాచడమా! ఆ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

జూన్ 15, ఆదివారం

బియ్యం డబ్బా ముందు కూర్చుంది. ఆకలేమో అనుకుని బిస్కెట్ వేశాను. తినలేదు. డబ్బా వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది, మళ్ళీ డబ్బా వైపు. బొమ్మలా కూర్చుంది, తోక కూడా ఆగిపోయింది.

డబ్బాలో బియ్యం అడుగున ఏముందో నాకు తెలుసు. దానికెలా తెలుసు? గంజాయి కదా దాని చదువు.

చివరికి పచ్చ బంతి విసిరితే గాని కదల్లేదు. నన్ను పట్టుకున్నందుకు నేనే దానికి జీతం ఇచ్చాను.

జూన్ 17, మంగళవారం

శ్రీలక్ష్మి కుట్టుమిషను డ్రాయరులోకి మార్చాను. దారపుండల వెనక. ఆమె వస్తువుల్లో నేను ఖైనీ పెడతానని ఎవరూ ఊహించరు.

జూన్ 18

కుట్టుమిషను ముందు కూర్చుంది.

జూన్ 19

గ్యాసు సిలిండరు వెనక. కూర్చుంది.

జూన్ 20

నీళ్ళ పంపు డబ్బాలో. వానలో కూర్చుంది. జలుబు చేస్తుందని గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. గవరమ్మ పిన్ని అటుగా పోతూ, "ఇద్దరూ ఏటి సూస్తన్నారు?" అంది. మోటారు చూస్తున్నామని చెప్పాను.

ఒక సంగతి. ఈ వెతుకులాటలో ఎప్పటికప్పుడు ప్యాకెట్టు తీసి చోటు మార్చడమే సరిపోతోంది, వేసుకోడానికి తీరిక ఉండటం లేదు. ఇంట్లో రోజుకి రెండుసార్లకు దిగింది. నా మనోబలం వల్లనే.

జూన్ 22, ఆదివారం

పదకొండింటికి శ్రీలక్ష్మి వీడియో కాల్ చేసింది.

"బిజిలీ ఎలా ఉంది?" అంది. నేనెలా ఉన్నానో అడగలేదు. "ఏదీ, ఒకసారి చూపించు."

పిలిచాను. పెరటి వైపు నుంచి చెవులు రెక్కల్లా ఎగరేసుకుంటూ వచ్చింది. నోట్లో పచ్చ ప్యాకెట్టు. నా గమ్‌బూట్లలో, అదీ సాక్సు లోపల దాచినది. నలగనివ్వకుండా, తడవనివ్వకుండా పెదవుల మధ్య పట్టుకొచ్చి, ఫోన్ ముందు పెట్టి, కూర్చుంది.

"అదేటి మణీ?"

"టీ పొడి."

"టీ పొడి ప్యాకెట్టు మీద కుళ్ళిపోయిన నోటి బొమ్మ వేస్తున్నారా ఇప్పుడు?"

"అది... గవరమ్మ పిన్నిది. ఇక్కడ మర్చిపోయింది."

పిన్ని కిటికీ తెరిచి ఉందని నేను చూసుకోలేదు. కంచె అవతల నుంచి గొంతు వచ్చింది. "నాదేటి బాబూ? నాను కాల్చీది సుట్ట! నిప్పు నోట్లో ఎట్టుకుని కాలుస్తాను. డెబ్బయ్యేళ్ళొచ్చినాయి, నీనాగ దాసుకుని నమిలీ అలవాటు నాకు నేదు!"

ఫోన్ కట్ అయింది. మాయాబందర్‌లో సిగ్నల్ ఎప్పుడూ అంతే.

బిజిలీ బంతి కోసం చూస్తోంది. విసిరాను. ఏం చేస్తాను?

జూన్ 29, ఆదివారం

ఈ వారమంతా శ్రీలక్ష్మి ఫోన్ చేయలేదు. సిగ్నల్ చాలా ఘోరంగా ఉన్నట్టుంది.

పొద్దున్న బిజిలీని క్రీకు ఒడ్డుకి తీసుకెళ్ళాను. నీళ్ళు కనపడగానే నా చేతిలో పట్టీ లాక్కుని దూకేసింది. మొసళ్ళున్నాయి జాగ్రత్త అని మూడు భాషల్లో బోర్డు ఉంది. దానికి ఏ భాషా రాదు. నేను మోకాళ్ళ లోతుకి దిగి, "బిజిలీ! ఆజా! రావే! కమ్!" అని అరిచాను. అది తాపీగా ఈదుకుంటూ నడిమధ్య తేలుతున్న తాటిచెట్టు మట్టలాంటిదాన్ని నోట కరిచి తెచ్చింది. నా కాళ్ళ దగ్గర పెట్టేదాకా అది మట్టేనని నాకు నమ్మకం కుదరలేదు.

వణుకు తగ్గడానికి ఒక చిటికెడు వేశాను. ఇలాంటి సందర్భాలు వేరు.

జూలై 6, ఆదివారం

తప్పు చేశాను. చెవులు రోజూ తుడవాలని కాగితంలో ఉంది. క్రీకులో మునిగాక మరీ తుడవాలి. వానలో తడిసినా తుడవాలి. నేను రోజూ రేపు తుడుద్దామనుకున్నాను. మొన్నటి నుంచి తల విదిలిస్తోంది, చెవి ఎత్తితే పులిసిన పిండి వాసన. లోపల ఎర్రగా ఉంది. అంత పెద్ద చెవులు మూతల్లా వేలాడితే గాలి ఎక్కడినుంచి ఆడుతుంది, పాపం?

మందు తెచ్చాను. చెవిలో చుక్కలు వేసి, చెవి మొదలు మెల్లగా నలిపి, దూదితో తుడవాలి. మొదటి రెండుసార్లూ దులుపుకుని నా మొహం నిండా కొట్టింది. మూడోసారి మాత్రం తల నా తొడ మీద పెట్టి కళ్ళు మూసుకుంది. గంట సేపు కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆ గంటా నాకు ఏదీ గుర్తు రాలేదు.

కాళ్ళ కుచ్చుల్లో తుమ్మముళ్ళంత గట్టి గడ్డిగింజలు పద్నాలుగు దొరికాయి. వేళ్ళ మధ్య రెండు పిడుదులు. అన్నీ తీశాను.

జూలై 13, ఆదివారం

ఉపాయం తట్టింది. ఇది ముక్కుతో బతికే జంతువు. ముక్కును ముక్కుతోనే కొట్టాలి. గవరమ్మ పిన్ని ఇచ్చిన ఎండు నెత్తళ్ళ డబ్బా ఉంది. మూత తీస్తే మనుషులకే కళ్ళు తిరుగుతాయి. ఖైనీని పలచటి కాగితంలో పొట్లం కట్టి చేపల మధ్య పెట్టాను. పొట్లానికి కిందా మీదా చేప వాసనే.

బిజిలీ రెండుసార్లు డబ్బా చుట్టూ తిరిగింది. తల పక్కకి వాల్చింది. కూర్చోలేదు! నన్ను నేనే మెచ్చుకున్నాను.

జూలై 15, మంగళవారం

జరిగింది జరిగినట్టు వరసగా రాయాలి.

ఈరోజు నాకు సెలవు. పదింటికి బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి డబ్బా కింద పడి ఉంది. నెత్తళ్ళు సగం లేవు. పొట్లం కాగితం చిరిగి ఉంది, లోపల ఏమీ లేదు. చేప వాసన పట్టిన పొట్లం చేపే అనుకుని తినేసింది. అది మామూలుగా ఏదీ నమలదు. దాన్ని చేపలా చేసింది నేను.

పావుగంటలో నోటి నుంచి చొంగ కారడం మొదలైంది. వాంతి చేసుకుంది. వెనక కాళ్ళు నిలవలేదు. ఒళ్ళంతా సన్నగా వణుకు. తోక మాత్రం నన్ను చూసి ఊపబోయింది.

టవల్లో చుట్టి ఎత్తుకుని జెట్టీకి పరుగెత్తాను. మా ఫెర్రీ నడిపే సరంగు నూకన్న పైనుంచి, "ఏటయిందిరా మణీ?" అని అరిచాడు.

"చేప పడలేదు" అన్నాను.

అవతలి ఒడ్డున ఛాతం జెట్టీ దాకా దాని గుండె నా చేతికి కొట్టుకుంటూనే ఉంది, మా ఇంజిన్‌కంటే వేగంగా. ఆటో పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. బెంచీల మీద జనం నిండా ఉన్నారు. ఒకాయన మేకతో, ఒకామె చిలకతో, మా వీధి చివరి కుటుంబం కుక్కపిల్లతో. నా చేతుల్లో బిజిలీని చూసి అందరూ దారి ఇచ్చారు.

డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి, కనుపాపలు చూసి, హిందీలో అడిగింది, ఏం తిన్నదని.

"మఛ్లీ. సూఖా మఛ్లీ."

"చేప తింటే గుండె ఇలా కొట్టుకోదు. ఇంకేం తిన్నది?"

"అంతే మేడమ్. చేపే."

ఆమె నా మొహంలోకి చూసింది. "భయ్యా, నేను మీ భార్యను కాదు, పోలీసునూ కాదు. తిన్నదేదో తెలిస్తే ఆ మందు ఇస్తాను. తెలియకపోతే చూస్తూ కూర్చుంటాను. సచ్ బోలియే, నిజం చెప్పండి."

వెనక గుమ్మం తెరిచే ఉంది. మేకాయన వింటున్నాడు. మా వీధివాళ్ళు వింటున్నారు. బిజిలీ నాలుక పక్కకి వాలిపోయింది.

"ఖైనీ" అన్నాను. "నాది. సున్నం కలిపినది. చేపల్లో దాచాను. ఇది నన్ను పట్టుకుంటోందని, దీన్ని మోసం చేయడానికి దాచాను. అరప్యాకెట్టు ఉంటుంది. ముప్పావు గంటయింది."

ఎంత గట్టిగా చెప్పానంటే చిలక కూడా నోరు మూసింది.

ఆ తర్వాత డాక్టరమ్మ నాతో మాట్లాడలేదు, పనిచేసింది. ఇంజెక్షన్, సెలైన్, బొగ్గుపొడి కలిపిన నల్లటి మందు. పదమూడు కిలోల కుక్కకు అంత పొగాకు ఎంత విషమో నర్సు చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి వణుకు ఆగింది. నాలుగింటికి లేచి నిలబడింది. నిలబడి, తూలుకుంటూ, ఇంకా అక్కడే ఉన్న మేకాయన సంచీ వాసన చూసి, ఎదురుగా కూర్చుంది. ఆయన చెయ్యి చప్పున సంచీ మీదికి పోయింది.

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

జూలై 16, బుధవారం

శ్రీలక్ష్మికి నేనే ఫోన్ చేశాను. మా వీధివాళ్ళు చెప్పేలోగా.

"లచ్చీ, బిజిలీ చచ్చి బతికింది. నా ఖైనీ తినేసింది. నేనే చేపల్లో దాచాను. మానలేదు నేను. ఒక్కరోజు కూడా మానలేదు."

ఆమె ఏడ్చింది. తిడుతుందనుకున్నాను, ఏడ్చింది. "తప్పు నాది" అంది.

"నీదెలా?"

"నీ కోటు జేబులో దొరికిన ప్యాకెట్టు నేను పారేయలేదు. పైడికిచ్చాను. వాడు నెల రోజులు దానికి ఆ వాసన నేర్పాడు. గంజాయికి కూర్చున్నట్టే దీనికీ కూర్చోమని. ట్రైనింగ్ నిజమే. కుక్కని నీ దగ్గర దింపమన్నది మాత్రం నేనే."

"అంటే నా ఇంట్లో నా మీదే పోలీసునా?"

"నువ్వు చెప్పేది ఏటి నమ్మాలో నాకు తెలీలేదు మణీ."

ఫోన్ పెట్టేశాను.

జూలై 17

అక్కా తమ్ముడూ, ఇద్దరితోనూ ఈ జన్మలో మాట్లాడను. కుక్కతో కూడా.

జూలై 18

కుక్కతో మాట్లాడాను. దానికి గంజి తాగించాలి కదా. మిగతా ఇద్దరితో లేదు.

జూలై 20, ఆదివారం

గవరమ్మ పిన్ని బిజిలీని చూడటానికి వచ్చింది. మెట్టు మీద కూలబడి, చుట్ట నిప్పు లోపలికి తిప్పి పెట్టుకుని, పొగ మధ్యలోంచి అంది. "నీ పెళ్ళాం, ఆ సిన్నమ్మి మీద కోపగించుకోకు బాబూ. మనిసి ఏడ్సుకుంటానే ఈ పని సేసింది."

"నీకెలా తెలుసు పిన్నీ?"

"నాకు తెలకపోడమేటి? ఆదివారం పదకొండు గంటలకి మీ ఏపు కిటికీ తీసుంచమని ఫోన్ సేసీది నాకే కదా!"

మాయాబందర్లో కూర్చుని ఒక కుక్కను, ఒక ముసలమ్మను, ఒక కిటికీని నా మీద నడిపింది ఆ మనిషి. స్కూల్లో ముప్పై మంది పిల్లల్ని ఎలా అదుపులో పెడుతుందో ఇప్పుడు తెలిసింది. నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో, కడుపు పట్టుకుని నవ్వాను. పిన్నీ నవ్వింది. బిజిలీ ఏదో దొరికిందనుకుని ఇంట్లోకి పరుగెత్తి బంతి తెచ్చింది.

నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. శ్రీలక్ష్మికి ఇంకా తెలియనిది ఒకటుంది. దాన్ని ఏ కుక్కా వాసన పట్టలేదు.

ఫోన్ చేశాను. "లచ్చీ, ఆ రోజు నేను హాస్పిటల్‌కి వెళ్ళలేదు. గేటు దగ్గర్నుంచి వచ్చేశాను. నాకు భయమేసింది. మచ్చ ఇప్పుడు శనగబద్దంత లేదు. పెద్దదయింది."

"మంగళవారం బస్సుకి వస్తున్నాను. బుధవారం వెళ్దాం. గేటు నేను దాటిస్తాను" అంది.

జూలై 23, బుధవారం

గేటు దగ్గర నిజంగానే నా మణికట్టు పట్టుకుంది, పిల్లాణ్ణి బడికి లాక్కెళ్ళినట్టు. లోపల పెద్ద జనమేమీ లేదు.

నోటి డాక్టరు కుర్రాడు. ఎన్నేళ్ళ నుంచి అలవాటు అని అడిగాడు.

"ఐదారేళ్ళు" అన్నాను.

"ఇరవై రెండు" అంది శ్రీలక్ష్మి.

"ఇరవై మూడు" అన్నాను నేను. "పెళ్ళికి ముందు ఒక ఏడాది నీకు తెలీదు."

ఆమె తిరిగి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కొత్త వస్తువును చూసినట్టు చూసింది.

మచ్చ దగ్గర ముక్క తీసి పరీక్షకు పంపారు. నొప్పిగా ఉంది. నాలుగు రోజులు గంజే. ఇంటికి వచ్చేసరికి బిజిలీ, నేను ఒకే గిన్నెలోది పంచుకున్నాం. శ్రీలక్ష్మి దానికి చెవులు తుడవబోతే, అలా కాదని చూపించాను. ముందు చుక్కలు, తర్వాత చెవి మొదలు నలపాలి, చివర్న దూది, అదీ కనిపించేంత వరకే. "బానే నేర్చుకున్నావే" అంది.

ఎల్లుండి ఆమెకు స్కూలుంది. రేపు పొద్దున్న బస్సుకు వెళ్ళిపోతుంది. ఉండమని అడగలేదు. అడిగే ముఖం ఇంకా రాలేదు నాకు.

జూలై 27

మానేసి నాలుగు రోజులు. సగాలు కూడా లేవు. ఇంజిన్ రూములో కూడా లేవు. తల పగిలిపోతోంది. నూకన్న మీద ఊరికే అరిచాను. బిజిలీని గంట పరుగెత్తించాను. నిజం చెప్పాలంటే అది నన్ను పరుగెత్తించింది.

ఆగస్టు 1, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. క్యాన్సరు కాదు. డాక్టరు వెంటనే వేలెత్తి, "అభీ నహీ" అన్నాడు. ఇప్పటికి కాదు. కణాలు మారడం మొదలుపెట్టాయట. మానేస్తే ఆగొచ్చు, వెనక్కీ తిరగొచ్చు. మానకపోతే తాను మాట ఇవ్వలేనన్నాడు. మూడు నెలలకొకసారి చూపించుకోవాలి.

శ్రీలక్ష్మికి రిపోర్టు ఫోటో తీసి పంపాను. రెండు పేజీలూ. వెంటనే ఫోన్ చేసి, నా చేత ప్రతి ముక్కా చదివించుకుంది.

"వచ్చే ఏడాది బదిలీకి అర్జీ పెడతాను" అంది చివర్న.

"అంటే వచ్చేస్తావా?"

"అర్జీ పెడతానన్నాను. వస్తానన్నానా?" అంది. గొంతులో నవ్వు దాచుకుంది. దాచింది పట్టుకోవడం నాకూ కొంచెం వచ్చింది.

ఆగస్టు 10, ఆదివారం

పైడిబాబు వచ్చాడు. ముందు జెట్టీ మీదే నా కాళ్ళకు దండం పెట్టబోయాడు. "బావా, మాఫ్ కరో. అక్క మాట కాదనలేకపోయాను."

"లేరా. కుక్కకు మాత్రం క్షమాపణ చెప్పు, నేను చెప్పాను."

బిజిలీ వాణ్ణి చూసి ఒళ్ళంతా తోక చేసుకుంది. చుట్టూ పది చుట్లు తిరిగి, నా చెప్పు ఒకటి తెచ్చి వాడికి కానుకగా ఇచ్చింది.

వాడు సంచీ సర్దుతుంటే పక్కనే నిలబడి చెప్పాను. ఎడమ చెవి ఇంకా పూర్తిగా తగ్గలేదు, వాన పడితే చూసుకోవాలి. కుడి ముందరి కాలి వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించాలి. నీళ్ళ గిన్నె సన్నగా, లోతుగా ఉన్నది పెడితే చెవులు బయట ఉంటాయి. అరకిలో బరువు పెరిగింది, అది నా తప్పే.

"ఎనిమిదేళ్ళు నా దగ్గరుంది బావా. నాకే చెప్తున్నావా?" అన్నాడు. అంటూనే విన్నాడు.

ఫెర్రీ రెయిలింగ్ దగ్గర బిజిలీ వాడి కాళ్ళ మధ్య నిలబడి నా వైపే చూసింది. నేను చెయ్యి ఊపలేదు. ఊపితే దూకేస్తుంది. దాని సంగతి నాకు తెలుసు.

ఆగస్టు 12, మంగళవారం

ఇంజిన్ రూములో నూకన్న చెయ్యి చాపాడు. అరచేతిలో ఖైనీ నలిపి సిద్ధంగా ఉంది. వద్దనాలి. వద్దనలేదు. తీసుకుని వేశాను. పూర్తి చిటికెడు.

నాలుగింటికి ఇంటికి వచ్చాను. నోరు పుక్కిలించాను, లవంగం నమిలాను. వంటింట్లో ఎవరూ లేరు. బియ్యం డబ్బా ముందు ఎవరూ కూర్చోలేదు. ఎవరికీ తెలియదు. నూకన్న చెప్పడు. ఒక్క చిటికెడుతో మచ్చ పెరగదు.

కుర్చీలో కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత ఫోన్ తీశాను.

"లచ్చీ, ఈరోజు వేశాను."

అవతల వాన రేకుల మీద పడుతున్న చప్పుడు.

"ఎన్నిసార్లు?"

"ఒకసారి. పూర్తిగా."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. ఎవరూ లేరిక్కడ."

పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"అన్నం తిన్నావా?" అంది.

"లేదు."

"వడ్డించుకో. ఫోన్ పక్కన పెట్టుకో, కట్ చేయకు. నువ్వు తిన్నంతసేపూ ఉంటాను."

వడ్డించుకున్నాను. మెల్లగా తిన్నాను.